మూతపడిన పాత ఇల్లు కొన్నాక కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మళ్లీ తెచ్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఐదేళ్లో పదేళ్లో తాళం వేసి ఉన్న ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే లైన్‌మన్‌కి ఫోన్ చేస్తారు. ఒక్క బల్బు వెలిగితే చాలు, మిగతా పనులు నెమ్మదిగా చేయించుకోవచ్చని అనుకుంటారు. ఆ తొందర వద్దు. ఇన్నేళ్లు ఎవరూ వాడని వైర్లలోకి ఒక్కసారిగా కరెంటు వదలడం, ఇన్నేళ్లు మూత తీయని సంపులోకి మనిషిని దింపడం, ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చే పనులు. ముందు బాకీలు తేల్చుకోవాలి, తర్వాత వైరింగ్ చూపించుకోవాలి, అప్పుడు కరెంటు, ఆపైన నీళ్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ వరసలో వెళ్తే పని ఆగకుండా సాగుతుంది.

సంతకానికి ముందే: ఈసీలో కనపడని బాకీలు

ఇల్లు కొనేటప్పుడు అందరూ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తారు. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. కరెంటు బిల్లు బాకీ, కుళాయి బాకీ, ఇంటిపన్ను బాకీ ఈసీలో కనపడవు. ‘ఈసీ క్లియర్‌గా ఉంది’ అంటే ఇంటి మీద ఏ బాకీ లేదని కాదు.

‘అది పాత ఓనరు వాడుకున్న కరెంటు, నాకేం సంబంధం’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఇల్లు అమ్మేవాళ్లు ముందుగా బకాయిలన్నీ కట్టేయాలని డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) సరఫరా నిబంధనల్లో 8.4వ నిబంధన చెబుతుంది. వాళ్లు కట్టకపోతే ఆ ఇంటికి పాత సర్వీసు మీదా కరెంటు ఇవ్వకపోవచ్చు, కొత్త సర్వీసూ నిరాకరించవచ్చు. ఇలా పాత బాకీని కొత్త యజమాని దగ్గర అడగడం చెల్లుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నిబంధనల్లో ఆ వీలుంటే అడగవచ్చని 2023 మే 19న కె.సి.నైనన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. కాబట్టి ఇల్లు కొంటే దాని బాకీ కూడా మీ నెత్తిన పడవచ్చు.

అగ్రిమెంటు రాసుకునే ముందు మూడు నంబర్లు సంపాదించండి. కరెంటు సర్వీసు నంబరు, కుళాయి కనెక్షన్ నంబరు, ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు. హైదరాబాద్‌లో కుళాయికి క్యాన్ నంబరు, ఇంటిపన్నుకు పీటిన్ నంబరు ఉంటాయి. పాత బిల్లులు దొరక్కపోతే మీటరు పెట్టె మీదో గోడ మీదో పెయింటుతో రాసిన సర్వీసు నంబరు కోసం వెతకండి. అదీ చెరిగిపోతే పక్కింటివాళ్ల కరెంటు బిల్లు చూడండి. ఆ ప్రాంతం ఏ సెక్షన్ ఆఫీసు కిందికి, ఏ రెవెన్యూ ఆఫీసు కిందికి వస్తుందో దాని మీదే ఉంటుంది. పక్కింటి నంబరు పట్టుకుని సెక్షన్ ఆఫీసుకి వెళ్తే పాత సర్వీసు వివరాలు తీయడం వాళ్లకి పెద్ద పని కాదు. ఇంటిపన్ను బాకీని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. హైదరాబాద్‌లో ఆలస్యమైన పన్ను మీద నెలకు 2 శాతం అపరాధ వడ్డీ పడుతుంది. ఏళ్ల తరబడి కట్టకపోతే ఆ మొత్తం ఎంత పెరుగుతుందో లెక్క వేసుకోండి.

అగ్రిమెంటులో ఈ అర్థం వచ్చేలా ఒక వాక్యం రాయించండి: ‘రిజిస్ట్రేషన్ తేదీ వరకు ఈ ఇంటికి సంబంధించిన కరెంటు, నీటి, పన్ను బకాయిలన్నీ అమ్మకందారే చెల్లించి రసీదులు అప్పగించాలి, తర్వాత బయటపడిన పాత బకాయిలకు కూడా అమ్మకందారే బాధ్యులు.’ ఇది మీ ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే. కరెంటు ఆఫీసు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అందుకే రసీదులు చేతికి వచ్చేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచమంటాను. అమ్మేవాళ్లు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద ఇంకొకరు సంతకం పెడుతుంటే ఈ జాగ్రత్త ఇంకా అవసరం. డబ్బు చేతులు మారాక వాళ్లని పట్టుకోవడం కష్టం.

సర్వీసు బతికుందా, చచ్చిందా

కరెంటు ఆఫీసు రికార్డుల్లో సర్వీసు సాధారణంగా మూడు స్థితుల్లో ఉంటుంది. లైవ్ అంటే ఇల్లు మూసి ఉన్నా ఎవరో కనీస చార్జీలు కడుతూనే వచ్చారని అర్థం. అలాంటప్పుడు మీరు పేరు మార్పిడి చేయించుకుంటే సరిపోతుంది. యూడీసీ అంటే బిల్లు కట్టనందుకు సరఫరా తీసేశారు, ఖాతా మాత్రం ఇంకా మూసేయలేదు. బాకీ, రీకనెక్షన్ చార్జీ కడితే అదే సర్వీసు తిరిగి వస్తుంది. బిల్ స్టాప్ అంటే ఒప్పందమే రద్దయింది. చాలాసార్లు మీటరు, సర్వీసు వైరు కూడా పీక్కుని వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు పాత బాకీ తీర్చి, కొత్త సర్వీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. చాలాకాలం మూతపడిన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఈ మూడోదే.

పేరు మార్పిడికి రిజిస్టరైన సేల్ డీడ్ కాపీ, గుర్తింపు కార్డు, ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే మీరే భరిస్తారనే హామీ పత్రం) అడుగుతారు. పాత యజమాని కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ మీ పేరుకి మారాలంటే ఆయన సమ్మతి పత్రం కావాలి. అది లేకపోతే డిపాజిట్ కొత్తగా కట్టాలి. రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆయన మీ ఎదురుగానే ఉంటారు కదా, ఆ సంతకం అప్పుడే తీసుకోండి.

దరఖాస్తు డిస్కం వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు, కస్టమర్ సర్వీస్ సెంటర్‌లోనూ ఇవ్వచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు, ముందు ఆయన్ని కలవడం మేలు. 2024లో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం కొత్త లైను వేయాల్సిన పని లేకపోతే, అన్ని పత్రాలతో దరఖాస్తు ఇచ్చాక కొత్త కనెక్షన్ మహానగరాల్లో 3 రోజుల్లో, ఇతర మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

లోడు దగ్గర పొరపాటు చేయకండి. పాత సర్వీసుల్లో కిలోవాటు కూడా లేని లోడు కనిపిస్తుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు ఉన్న రోజుల లెక్క అది. ఇప్పుడు గీజరు ఒక్కటే 2 కిలోవాట్లు, ఏసీ ఇంకో కిలోవాటున్నర, ఒక హార్స్‌పవర్ మోటారు ముప్పావు కిలోవాటు. ఫ్రిజ్జు, మిక్సీ, ఫ్యాన్లు కలిపితే 5 కిలోవాట్లు తేలిగ్గా దాటుతుంది. మొదటే సరైన లోడు రాస్తే తర్వాత అదనపు లోడు నోటీసు తప్పుతుంది.

సర్వీసు వచ్చేలోపు పనివాళ్ల కోసం పక్కింటి మీటరు నుంచి వైరు లాగడం మన దగ్గర మామూలైపోయింది. అది విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకమే. జరిమానా బిల్లు ఆ పక్కింటివాళ్లకి వస్తుంది. కొత్తగా వచ్చిన చోట ఇరుగుపొరుగుతో గొడవ ఎందుకు? తాత్కాలిక సర్వీసుకి దరఖాస్తు పెట్టండి.

బాకీ లెక్క అన్యాయంగా ఉంటే

నోటిమాటతో చెప్పిన అంకె కట్టేయకండి. నెలవారీ లెడ్జరు కాపీ అడగండి. అందులో మూడు విషయాలు చూడాలి. సర్వీసు తీసేశాక కూడా ఏళ్ల తరబడి కనీస చార్జీలు వేస్తూ పోయారా? పాత యజమాని సెక్యూరిటీ డిపాజిట్‌ను బాకీలో తగ్గించారా? మీటరు తీసేసిన తేదీన ఉన్న రీడింగు, చివరి బిల్లు రీడింగు సరిపోతున్నాయా? తేడా కనిపిస్తే కరెంటు ఆఫీసులో లెక్కలు చూసే ఏఏఓకి (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్‌కి) రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే ప్రతి డిస్కంకీ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ వేదికకి లాయర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటారు.

విద్యుత్ చట్టంలో 56(2) సెక్షన్ రెండేళ్ల గడువు చెబుతుంది కాబట్టి పాత బాకీ మొత్తం రద్దయిపోతుందని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా నమ్మి కూర్చోకండి. బాకీని ప్రతి బిల్లులో చూపిస్తూ వచ్చి ఉంటే ఆ గడువు వర్తించదు. గడువు దాటినా సివిల్ దావా వేసుకోవచ్చని నైనన్ కేసులోనే కోర్టు చెప్పింది.

వైరింగ్: లైన్‌మన్ రాకముందే తేలాల్సిన సంగతి

కరెంటు ఆఫీసు బాధ్యత మీటరు దాకానే. మీటరు దాటాక ఇంట్లో ఏం జరిగినా మీదే పూచీ. అందుకే ముందుగా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లండి. సర్వీసు తీసేసిన ఇల్లే అయినా టెస్టర్‌తో చూడకుండా ఏ వైరూ ముట్టుకోనివ్వకండి. పక్క పోర్షన్ నుంచి దొంగ వైరు వచ్చి ఉండవచ్చు.

ముందు మెయిన్ బోర్డు విప్పించండి. పాత ఇళ్లలో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉంటాయి. ఒక్కో ఫ్యూజు లాగి లోపలి తీగ చూడండి. వెంట్రుకలాంటి సన్నని ఫ్యూజు వైరు ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ రెండు మూడు చుట్లు తిప్పి ఉంటుంది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఎవరో అలా చుట్టేసి ఉంటారు. ఇక అది ఫ్యూజు పని చేయదు. లోపల వైర్లు కాలిపోతున్నా కరెంటు ఆగదు. తర్వాత ఏదైనా స్విచ్ బోర్డు విప్పించి ఒక వైరు చివర వంచి చూడమనండి. పైతొడుగు రబ్బరులా వంగితే ఇంకా ఆశ ఉంది. చిట్లి పెళుసు పెళుసుగా రాలితే ఆ లైనంతా మార్చాల్సిందే. బోర్డు లోపల కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు, చీమల పుట్ట మట్టి, బల్లి గుడ్లు దొరకడం మామూలే. ఆ మట్టి తేమ పీల్చుకుంటే వానాకాలంలో గోడకే షాక్ కొడుతుంది. చెక్క పట్టీల మీద లాగిన పాత వైరింగ్, అల్యూమినియం వైర్లు కనిపిస్తే బేరం లేకుండా కొత్తది వేయించండి. అక్కడ మిగుల్చుకునే డబ్బు మిగులు కాదు.

పైకి బాగానే ఉన్నా కంటితో చూసి తృప్తి పడకూడదు. వైర్ల పైతొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్ పెట్టించండి. బల్బులు తీసేసి, ప్లగ్గులన్నీ పీకేసి 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కొలవాలి. రీడింగు కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. అంతకన్నా తక్కువ వస్తే ఏ గది లైనులో లోపం ఉందో ఒక్కొక్కటే విడదీసి పట్టుకోవాలి. మెగ్గర్ అంటే తెలియని ఎలక్ట్రీషియన్ అయితే ఇంకొకరిని చూసుకోండి.

ఎర్తింగ్ గుంట ఎక్కడుందో వెతికించండి. చాలాచోట్ల దాని మీద గచ్చు పోసేసి ఉంటారు, లేదంటే పైపు తుప్పు పట్టి తీగ ఊడిపోయి ఉంటుంది. ఉప్పు, బొగ్గు వేసి కొత్త గుంట తీయించి, రీడింగు 5 ఓములకి మించకుండా చూసుకోండి. దానికి తోడు మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మనిషికి షాక్ తగిలిన క్షణంలో సరఫరా ఆపేసేది అదే. ఎంసీబీ ఉంది కదా అనకండి, ఎంసీబీ కాపాడేది వైర్లని.

కరెంటు ఇచ్చే రోజు

మెయిన్ ఆఫ్, ఎంసీబీలన్నీ ఆఫ్, ప్లగ్గులన్నీ బయటికి. లైన్‌మన్ సరఫరా ఇచ్చాక మెయిన్ దగ్గర ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్ వోల్టేజీ కొలిపించండి. రెండూ 230 దగ్గర ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మూడు నాలుగు వోల్టులకి మించి చూపిస్తే ఆగండి, ముందు కారణం తేల్చండి. అన్నీ సరిగ్గా ఉంటే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడిపోవాలి. పడకపోతే దాన్ని మార్పించాకే ముందుకి వెళ్లండి. తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుకుంటూ రండి. చివరగా ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసి మీటరు ముందు నిలబడండి. ఏమీ వాడకపోయినా ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

పాత యజమాని వదిలేసి వెళ్లిన ఇన్వర్టరు బ్యాటరీని ఛార్జింగ్‌కి పెట్టకండి. ఉబ్బిపోయి ఉంటే పేలుతుంది.

సంపు: ఎవరినీ లోపలికి దింపకండి

ఏళ్ల తరబడి మూసి ఉన్న సంపులో మురిగిన నీరు, బురద, ఆకులు ఉంటాయి. అవి కుళ్లుతూ ప్రాణవాయువుని మింగేస్తాయి, విషవాయువులు వదులుతాయి. లోపలికి దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లో స్పృహ తప్పుతాడు. ‘ఏమైంది అన్నా’ అంటూ కాపాడడానికి దిగిన రెండో మనిషీ అక్కడే పడిపోతాడు. ఇలాంటి వార్త ప్రతి ఎండాకాలం ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది రోజుకూలీకి వచ్చినవాళ్లు. ఇల్లు మీది కాబట్టి ఆ ప్రాణం బాధ్యత మీది.

వాసన రాకపోతే గాలి బాగుందని అనుకోవద్దు. ప్రాణవాయువు తగ్గితే వాసనతో తెలియదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన పట్టే శక్తే పోతుంది. దీపం దింపి చూడడం అనే పాత పద్ధతినీ నమ్మకండి. మీథేన్ ఉంటే ఆ మంటే పేలుడు అవుతుంది.

మూతలన్నీ తీసి, చుట్టూ పిల్లలు రాకుండా అడ్డం పెట్టి, రెండు రోజులు అలా వదిలేయండి. మడ్ పంపుతో పైనుంచే నీళ్లు, బురద తోడించండి. ప్రెషర్ పైపుతో గోడలు పైనుంచే కడిగించండి, మళ్లీ తోడించండి. మామూలు ఇంటి సంపుకి ఇదే సరిపోతుంది. పగుళ్లకి మరమ్మతు చేయాలంటే దిగక తప్పదు. అప్పుడు గాలి కొట్టే బ్లోయర్, గ్యాస్ డిటెక్టర్, నడుముకి తాడు, పైన ఇద్దరు మనుషులు ఉండే ఏజెన్సీకే అప్పజెప్పండి.

శుభ్రమయ్యాక నింపి బ్లీచింగ్ కలపాలి. వెయ్యి లీటర్లకి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు లెక్క. బకెట్‌లో కలిపి, తేట మాత్రం పోసి, ఒక రాత్రంతా ఉంచండి. ఆ నీటినే ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించి, అన్ని కుళాయిలూ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. మర్నాడు మొత్తం వదిలేసి మంచినీళ్లు నింపుకోండి. బ్లీచింగ్ నీళ్లు తాగకూడదు, మొక్కలకీ పోయకూడదు.

కుళాయి, పైపులు

హైదరాబాద్‌లో జలమండలి ఫిర్యాదులకి 155313. మిగతా పట్టణాల్లో మున్సిపాలిటీ, ఊళ్లలో పంచాయతీ చూస్తాయి. బాకీ కట్టాక కనెక్షన్ ఇచ్చే ముందు పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు ఎంత దూరం ఉందో కనుక్కోండి. వాడని జీఐ పైపు లోపలి నుంచి తుప్పు పట్టి సన్నబడిపోతుంది. అది మురుగు కాలువని దాటుతూ వెళ్తుంటే చిల్లుల్లోంచి మురుగు లోపలికి వస్తుంది. రోడ్డు తవ్వే అనుమతి ఎలాగూ తీసుకుంటున్నారు కాబట్టి పైపు మొత్తం మార్పించుకోవడమే నయం.

నీళ్లు వచ్చిన రోజు కుళాయిల జాలీలు విప్పేసి ఎర్రనీళ్లు పోయేదాకా వదలండి. తర్వాత అన్నీ కట్టేసి మీటరు ముల్లు చూడండి. అది కదులుతుంటే గోడలోనో నేలలోనో లీకు ఉంది. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు కావాలంటే పనిచేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకి ఆధార్ జత కావాలి.

బోరు

స్విచ్ వేసి చూద్దాం అనుకోవద్దు. ఏళ్లుగా కదలని సబ్‌మెర్సిబుల్ మోటారు ఇసుకతో బిగుసుకుని ఉంటే ఒక్క నిమిషంలో వైండింగ్ కాలిపోతుంది. ముందు మోటారు కేబుల్‌కి మెగ్గర్ పెట్టించండి, స్టార్టర్‌లో కెపాసిటర్ చూపించండి. నీటిమట్టం ఎంత లోతులో ఉందో తాడుతో కొలిపించండి. అనుమానం ఉంటే మోటారు పైకి లాగించి, కంప్రెసర్‌తో బోరు ఫ్లషింగ్ చేయించాకే దింపండి. బోరు ఎండిపోయి ఉంటే కేసింగ్‌కి గట్టి మూత బిగించండి, లేదా మట్టితో పూర్తిగా పూడ్పించండి. తెరిచి వదిలేస్తే పిల్లలు పడిపోతారు. కొత్త బోరు వేయాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోవాలి.

నీళ్లు బాగానే కనిపించినా తాగే ముందు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకి ల్యాబులు ఉన్నాయి. భారత ప్రమాణాల ప్రకారం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే గతి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు, నైట్రేట్ 45 దాటకూడదు. నల్గొండ, ప్రకాశం వైపు కొన్నవాళ్లు ఫ్లోరైడ్ పరీక్ష మానొద్దు. అది రుచికీ రంగుకీ అందదు, కాచినా పోదు.

డ్రైనేజీ

ఇంట్లోకి అడుగు పెట్టగానే కొట్టే కుళ్లు వాసనకి చాలాసార్లు కారణం చిన్నదే. బాత్రూం నాలీల కింద ట్రాపుల్లో (నీళ్లు నిలిచి మురుగు గాలిని ఆపే వంపుల్లో) నీళ్లు ఎండిపోయి మురుగు గాలి పైకి వస్తుంది, బొద్దింకలూ వస్తాయి. ప్రతి నాలీలో ఒక బకెట్ నీళ్లు పోసి ఒక రోజు చూడండి. నీళ్లు దిగకపోతే ఛాంబర్ మూతలు తీయించండి. వేపవో రావివో వేర్లు పైపులో అల్లుకుని ఉంటాయి.

సెప్టిక్ ట్యాంకు విషయంలో సంపు గురించి చెప్పినదంతా రెట్టింపు వర్తిస్తుంది. అందులోకి రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. 14420కి ఫోన్ చేసి వాక్యూం లారీ తెప్పించుకోండి. టాయిలెట్ వాడకం మొదలుపెట్టకముందే ఖాళీ చేయించండి.

గ్యాస్, ఇంటర్నెట్

వంటగ్యాస్ కనెక్షన్ మనిషిది, ఇంటిది కాదు. మూల పడి ఉన్న పాత సిలిండరు వాడకుండా ఏజెన్సీకి అప్పగించి, మీ కనెక్షన్‌కి అడ్రస్ మార్చుకోండి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ పైపులైను మీ వీధికి ఉంటే కొత్త దరఖాస్తుకి ముందు పాత ఖాతా బాకీ అడిగి తెలుసుకోండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఫోను, ఇంటర్నెట్ బాకీలు పాత చందాదారువి. మీ పేరుతో కొత్త కనెక్షన్ తీసుకోండి.

మొదటి బిల్లు

మొదటి కరెంటు బిల్లు రాగానే పేరు, మీటరు నంబరు, కేటగిరీ, లోడు చూడండి. ముందు అక్కడ షాపో ఆఫీసో ఉండి ఉంటే గృహ వినియోగానికి బదులు వాణిజ్య కేటగిరీలో బిల్లు వస్తుంది. కట్టేసిన పాత బాకీ మళ్లీ ‘బకాయి’ గడిలో కనపడవచ్చు. రసీదు కాపీ జతచేసి ఆ నెలలోనే దిద్దించుకోండి. ఆలస్యమైన కొద్దీ దాని మీద సర్‌చార్జీ పడుతూ పోతుంది. నీటి బిల్లులోనూ ఇవే గడులు ఇలాగే సరిచూసుకోండి.